పావుశేరు నూకలకు కొన్న బిడ్డ

నా చిన్నప్పుడు, తొమ్మిదేళ్ల వయసులో, నేనొక పసిబిడ్డను పావుశేరు నూకలకు కొన్నాను. అవతలివాళ్లు అడిగింది శేరు. తార్నాకలో అంతకన్నా గొప్ప బేరం చేసినవాళ్లెవరైనా ఉంటే చెప్పండి, దండం పెడతాను.

మాది కిరాణా దుకాణం. ముందు కొట్టు, వెనక ఇల్లు, ఆ వెనక అద్దెకిచ్చే ఒక గది. ముషీరాబాద్‌లో సరుకు కొనడానికి మా నాయన నన్ను వెంట తీసుకుపోయేది ముద్దు కొద్దీ కాదు, చిన్నపిల్ల అడిగితే అవతలివాడు మెత్తబడతాడని. గుళ్లో ప్రసాదం పెట్టే అయ్యగారిని కూడా కొసరు అడిగే రకాన్ని నేను.

వెనక గదిలో ఒక అక్క భర్తతో కాపురం ఉండేది. జనగామ వైపు పల్లెటూరి మనిషి. యూనివర్సిటీ క్యాంపస్‌లో చరిత్ర మీద పరిశోధన చేసేది. ఎప్పుడో రెండు వందల ఏళ్ల కిందట అమెరికా అడవుల్లోకి అందరికంటే ముందు పోయి స్థిరపడిన ఒక కుటుంబం గురించి ఆమె పరిశోధన. ఒక గొడ్డలి, ఒక ఆవు, భార్య, ఇద్దరు పిల్లలతో కొండలు దాటినవాడి కథ. ఆయన భార్య రాసుకున్న నోటుపుస్తకం అచ్చయి లైబ్రరీలో ఉండేది. అక్క రోజూ పోయి అది చదివి, సాయంత్రం నేను మినుముల్లో రాళ్లు ఏరుతుంటే నాకు చెప్పేది. దుంగలు పేర్చి ఇల్లు కట్టుకున్నారట. పక్కిల్లు ఒక పూట నడక దూరమట. ఆ అడవి అంతకుముందే వేరేవాళ్లదట.

"మరి వాళ్లను అడిగిండ్రా అక్కా?" అన్నాను ఒకసారి.

"నీకొచ్చిన ఆలోచన ఆయనకు రాలే" అని నవ్వింది.

అట్లా నవ్వేదే గాని, అప్పటికే ఇద్దరు బిడ్డలను పోగొట్టుకున్న మనిషి. మూడో కాన్పుకు ఊరి నుంచి వాళ్ల అత్త వచ్చింది. ఆమెను నేను అవ్వా అని పిలిచేదాన్ని. ఆడపిల్ల పుట్టింది. బిడ్డలు నిలవని ఇంట్లో పుట్టిన పిల్లను చేటలో పడుకోబెట్టి పక్కింటివాళ్లకు నూకలకో తవుడుకో అమ్మడం వాళ్ల ఊరి పద్ధతి. అమ్మిన తర్వాత అది కన్నవాళ్ల బిడ్డ కాదు, కొన్నవాళ్లది. కన్నతల్లి ఉత్తగా పెంచిపెడుతుందంతే. ఇక చావు వచ్చి ఆ ఇంట్లో వెతికినా దానికి బిడ్డ దొరకదు.

అక్కకు వీటి మీద నమ్మకం లేదు. "నేను పుస్తకంల చదివేటోళ్ల ఇంట్ల సచ్చిన బిడ్డ పేరే మళ్ల పుట్టినదానికి పెట్టిండ్రు అత్తమ్మా" అంది.

అవ్వ బుగ్గలు నొక్కుకుంది. "గదేం తెలివే! గదే పేరు పెడితే యముడు ఇల్లు మర్చిపోతడా? సక్కగ గాడికే వస్తడు."

కొనాల్సింది మా అమ్మ. ఆ పొద్దు ఆమె బౌద్ధనగర్‌లో మా పిన్ని ఇంటికి పోయి ఇంకా రాలేదు. మంచి గడియ దాటిపోతోందని అవ్వ నన్నే గడప మీద నిలబెట్టింది. నేను అనాల్సింది 'తీసుకుంటున్న' అన్న ఒక్క మాటే. అవ్వ చేట ముందుకు చాపి, "శేరు నూకలియ్యి, గీ పిల్లను తీస్కో" అంది. ధర చెవిన పడ్డాక నా నోరు ఊరుకుంటుందా?

"శేరా? అద్దశేరిస్తా."

"ఏందే, బిడ్డను గిట్ల బేరం జేస్తవా?"

"బక్కగున్నది గద అవ్వా. పావుశేరు. ఇస్తే ఇయ్యి, లేకుంటే తీస్కపో."

చుట్టూ ఉన్నవాళ్లు విరగబడి నవ్వారు. అక్కకైతే నవ్వి నవ్వి కళ్లలో నీళ్లొచ్చాయి. "తీస్కోవే తల్లీ, నీతోని గాదు" అని అవ్వ చేట నా చేతుల్లో పెట్టింది. నేను పావుశేరు కొలిచి, పైన కుప్పగా నిలిచిన గింజలు వేలితో గీసేసి మరీ పోశాను. పిల్లకు నూకమ్మ అని పేరు పెట్టారు. బడి నుంచి రాగానే పోయి నా సరుకు చూసుకునేదాన్ని. అది నా వేలు పట్టుకుంటే ఒక పట్టాన వదిలేది కాదు.

నాలుగో నెలలో ఒకనాటి ఉదయం పిల్ల ఒళ్లు కాస్త వెచ్చగా ఉంది. మామూలేలే అనుకుని, పిల్లను అవ్వకు అప్పగించి అక్క లైబ్రరీకి పోయింది. మధ్యాహ్నం తిరిగి వచ్చేసరికి పిల్ల పాలు తాగడం మానేసింది. ఆటోలో ఆసుపత్రికి పరుగెత్తారు. మరునాడు పొద్దున పిల్ల పోయింది.

అవ్వ మా గడప ముందు కూలబడి ఏడ్చింది. ఏడుస్తూ ఏడుస్తూ నన్ను చూసి, "నువ్వు ధర తగ్గియ్యకుంటే నిలిచేదే పిల్ల. అగ్గువకిచ్చినమని దేవునికి అలుసైంది" అంది. మా అమ్మ నన్ను లోపలికి లాగి తలుపు వేసింది. తలుపు వేసినా ఆ మాట నాతోపాటే లోపలికి వచ్చింది.

ఆనాటి నుంచి నాకు అన్నం సయించలేదు. నాలుగో రోజు కొట్లో ఎవరూ లేనప్పుడు ముప్పావు శేరు నూకలు కొలిచి, ఈసారి కుప్పగానే ఉంచి, తీసుకుపోయి అవ్వ ముందు పెట్టాను. "మిగిలినయి అవ్వా. ఇగ సరిపోయినయి" అన్నాను. సరిపోతే ఏమవుతుందని అనుకున్నానో ఇప్పటికీ చెప్పలేను. అవ్వ ముఖం గోడకు తిప్పుకుంది. అక్క చూసింది.

మరునాడు అక్క నన్ను క్యాంపస్‌కు తీసుకుపోయి లైబ్రరీ వెనక బండ మీద కూర్చోబెట్టింది. బిస్కెట్ పొట్లం విప్పి నా చేతికిచ్చి, తన పుస్తకంలోని కథ ఎత్తుకుంది. అడవిలోని ఆ మనిషి ఒక చలికాలం తోళ్లు అమ్మడానికి పోయాడట. ఉప్పు ఇంకొంచెం రాబట్టాలని బేరమాడుతూ ఒక రోజు ఎక్కువ ఉండిపోయాడు. ఇల్లు చేరేసరికి కూతురు జ్వరంతో చనిపోయి ఉంది. ఆ తర్వాత ఆయన ఎన్నడూ బేరమాడలేదు. ఎవరెంత అంటే అంత ఇచ్చేవాడు. చెట్లు నరికి బాగుచేసుకున్న భూమి కూడా అట్లాగే చేయి జారింది.

"నీ బేరంతోని కాదు, జ్వరంతోనే పోయింది అని ఆయన భార్య రాసింది" అంది అక్క. "గానీ పుస్తకంల రాసింది. ఆయనకు సదువు రాదు. ఆమె నోటితోని ఎన్నడు చెప్పలే. ఆయన గా ముచ్చట తెల్వకుండనే సచ్చిండు. గందుకే నీకు నోటితోని చెప్తున్న. నీ బేరంతోని ఏం కాలే. ఉత్తుత్తిగ కొనేటోళ్లు బేరమాడరే. అందరిట్ల నువ్వొక్కదానివే దాన్ని నిజంగ కొన్నవ్."

నా గుండెల మీద నుంచి బండ దిగిపోయింది. అన్ని రోజుల తర్వాత ఆకలి వేసింది. బిస్కెట్లు ఒకదాని మీద ఒకటి తిన్నాను. అక్క చెట్ల వైపు చూస్తూ, "గా పొద్దు నేను లైబ్రరీకి పోకుంటే..." అని ఆగింది. ఆగి నా ముఖంలోకి చూసింది. నేనేమైనా అంటానేమోనని చూసింది.

నేను చేతులు దులుపుకుని, "ఇంటికి పోదామా అక్కా" అన్నాను.

నెల తిరగకుండానే వాళ్లు గది ఖాళీ చేసి ఊరికి పోయారు. పరిశోధన సగంలోనే ఆగిపోయిందని ఎవరో అంటే విన్నాం. మళ్లీ ఆమెను చూడలేదు. ఆ రోజు ఆమె నాతో అన్న మాట పట్టుకునే నేను మనిషినయ్యాను, పిల్లలను పెంచాను, ఈనాటికీ కూరగాయల బండి దగ్గర సిగ్గు లేకుండా బేరమాడుతున్నాను. నువ్వు లైబ్రరీకి పోయినందుకు కాదు అక్కా, జ్వరంతోనే పోయింది అని ఆమెతో అనడానికి నాకు కొత్త మాటలు కూడా అక్కర్లేదు. అప్పుడే, ఆ బండ మీదే, ఆమె నాకు నేర్పింది. ఆమె కన్నబిడ్డ పోయి అప్పటికి వారం కాలేదు. నన్ను ఓదార్చి, ఆ మాటే నా నోటి నుంచి వినాలని కూర్చుంది. నేను ఆమెకు ఇచ్చింది "ఇంటికి పోదామా అక్కా", అంతే.