చూడకుండా మార్చనన్న అమ్మాయి

పొదిలి బస్సులో నా పక్కన కూర్చున్న అమ్మాయి ఒళ్లో లాప్‌టాప్ పెట్టుకుని, ఫోన్‌లో తన పై అధికారితో వాదిస్తోంది.

"ఆ డిస్కుల్ని సర్వర్లన్నీ కలిసి వాడతాయి సార్. ఫార్మాట్ కొత్త వెర్షన్‌కి మారిస్తే మళ్లీ వెనక్కి రాదు. ఒక్క సర్వర్‌లో పాత సాఫ్ట్‌వేర్ ఉన్నా, ఇక దానికి ఆ డిస్కులు తెరుచుకోవు. చూడకుండా మార్చను."

అవతలి అరుపులు నాకూ వినపడ్డాయి. ఉద్యోగం ఉండదన్నాడు. ఆమె ఫోన్‌ని సీటు మీద బోర్లించి, ఒక్కో సర్వర్‌నీ చూసుకుంటూ పోయింది. ఆయన అరుస్తూనే ఉన్నాడు. కాసేపటికి ఫోన్ తీసింది.

"ఒకటి పాతదే ఉంది సార్. ఇప్పుడు తిట్టండి."

దర్శిలో ఆమె దిగిపోయింది. పేరు కూడా అడగలేదు నేను.

నాది మిరప సేద్యం. ఆ ఏడు విత్తనాల కొట్టాయన ప్యాకెట్లు నా ముందు గుమ్మరించాడు.

"ఊరంతా ఇవే పోస్తున్నారు. నువ్వొక్కడివే మొలక కట్టి చూస్తానంటావేందయ్యా? నారు పోసే అదను దాటిపోద్ది."

"దాటనీ. ముందు ఒక్క ప్యాకెట్ ఇవ్వు," అన్నాను. "మొలకొచ్చాక తిడుదువుగాని."