కరుణాకర్ ఫోన్ల గంప

ఏమే ప్రవళికా, ఏమోయ్ సాయిచంద్, ఊళ్ళె అందరి ముచ్చట్లు అడుగుతరు గని మా మర్ది కరుణాకర్ గురించి ఒక్కనాడన్న అడిగిండ్రా? పోయిన వానకాలం మట్టి జేసి వచ్చినంక ఆయిన పేరే ఎత్తరైతిరి. తాళం పడ్డ ఆ ఇంటి దిక్కు సూస్తే నాకు బువ్వ దిగుతలేదు. కూసోండ్రి, నేనే జెప్త.

ఆయినకు ఒక్కటే పిచ్చి. కండ్లల్ల, చెవులల్ల చెడ్డది పడొద్దు. "వదినె, బియ్యంల రాళ్ళేరి బువ్వండుతవు. కండ్లల్లకు పొయ్యేదాంట్ల ఏరవా?" అనేటోడు. మా ఇంటికొస్తే ముందుగాల టీవీ మీద తువ్వాల కప్పేది. ఓనాడు సీరియల్ల కోడలు అత్తకు ఇసం కలిపిన పాలిస్తుంటది, గప్పుడే తువ్వాల పడ్డది!

"తీయవయ్యా! ముసల్ది తాగిందో లేదో!"

"ఆమె తాగనీయి. నువ్వు తాగకు."

కరీంనగర్ బస్సుల సినిమా ఏసిండ్రని నడిమిట్ల దిగి, ఎర్రటెండల నడ్సుకుంట పోయిండు. పోయేది ఎందుకు? మోకాలు నొప్పికి దవాఖానకు!

ఆదివారమైతే జమ్మికుంట చర్చి వాకిట్ల గంప పట్టుకొని నిలవడేది. ఫోన్లన్ని దాంట్ల ఎయ్యాలె. "తాతా, కిలో ఎంత?" అని పోరగాండ్లు ఎక్కిరిచ్చేది.

పత్తి మార్కెట్ల మూటలు మోసే ముత్యం ఉన్నడు గద, తాగుడు బంజేసి చర్చికొస్తుండె. ఆఖరి బల్ల మీద కూసునేది. ఈస్టరుకు బాప్తిస్మం తీసుకుందామనుకున్నడు. గంతల్నే టీకొట్టు రాకేశ్, ఎన్కట ముత్యం తాగి మురికి మోరిల పడి, కుక్క మెడ పట్టుకొని "అవ్వా" అని ఏడ్సిన వీడియోకు పాట కలిపి చర్చోళ్ళందరికి పంపిండు. ఇగ ఒక్కటే నవ్వుడు.

ముత్యం ఇంట్లకెల్లి ఎల్లుడే బంజేసిండు. ఆయిన పెండ్లాం సక్కుబాయి నా ముంగట్నే కరుణాకర్ తాన ఏడ్సింది. "అన్నా, నిన్న సీసా తెచ్చిండు. మూత తియ్యలే. ముంగట పెట్టుకొని దాన్నే సూసుకుంట కూసున్నడు."

కరుణాకర్ గంప ఎత్తుకొని ఇల్లిల్లు తిరిగిండు.

"పండుగొస్తుంది, ఫోన్లు ఏరాలె, తేండ్రి!"

"ముసలోనికి పిచ్చి ముదిరింది" అనుకుంటనే ఇచ్చిండ్రు. రాకేశ్ మాత్రం ఇయ్యనన్నడు. కరుణాకర్ వాని కొట్టు ముంగట కూసొని కీర్తన ఎత్తుకున్నడు. ఆ గొంతుకు బర్రెలు పగ్గాలు తెంపుకుంటయి! గిరాకంత పోయినంక రాకేశ్ దండం పెట్టి ఫోన్ చేతిల పెట్టిండు.

నా ఫోన్ తిరిగొచ్చినంక సూస్తె సినిమా పాటలు గట్లనే ఉన్నయి, సీరియల్ ముక్కలు గట్లనే ఉన్నయి. ముత్యం వీడియో ఒక్కటే లేదు.

"ఏందయ్యా, పాపమంత ఇడ్సిపెట్టి గదొక్కటే తీసినవు?"

"మెల్లగ, వదినె. గా వీడియో తీసెయ్యిండ్రి అని జెప్తే, ఇంకోపారి సూసి నవ్వి తీస్తరు. పిచ్చోడని నన్ను నవ్వితే ఏం పాయె?"

ఈస్టరు నాడు ముత్యం మొకం మీద తువ్వాల కప్పుకొని వచ్చిండు. వాకిట్ల నవ్వులినవడంగనే ఎనుకకు మర్రిండు. "నిన్ను గాదు, నన్నే. పో లోపటికి," అని కరుణాకర్ గంప నెత్తిన బోర్లేసుకొని నిలవడ్డడు. ముత్యంకు గూడ నవ్వాగలే. లోపటికి పోయి ముందటి బల్ల మీద కూసున్నడు.

పోయిన వానకాలం కరుణాకర్ శవపెట్టె మోసింది గా ముత్యమే. ఇద్దరు పట్టాల్సిన ముంగటి దిక్కు తనొక్కడే ఎత్తిండు. బురదల గూడ కాలు జారలే.

కండ్లు మూసిన్నాడు కరుణాకర్‌కు అరవై ఏడేండ్లు.