అభ్యంతరం అత్తయ్య, మేక మహారాణి

అభ్యంతరం అత్తయ్య సాధించిన మొదటి ఘనకార్యం, చచ్చిపోయాడని లోకమంతా ఒప్పుకున్న పడవవాణ్ణి బతికించడం. ఫోనులో ప్రతి గురువారం ఒక భాగం చొప్పున వచ్చే "దీపాల ద్వీపం" అనే బొమ్మల కథలో వాడు సుడిగుండంలో పడ్డాడు. చదివేవాళ్ళందరూ కళ్ళు తుడుచుకుని మరుసటి వారానికి వాణ్ణి మరిచిపోయారు. ఆవిడ మాత్రం ఒప్పుకోలేదు.

"నాకు అభ్యంతరం ఉంది. శవాన్ని చూపించకుండా ఏడవమంటే నేను ఏడవను."

వేసవి పొడుగునా ఒంటరిగా వాదించింది. అందరూ నవ్వారు. చివరికి ఒక గురువారం పడవవాడు రేవులో మెట్లెక్కి చొక్కా పిండుకున్నాడు. ఆ సాయంత్రం ఆవిడ ఇస్త్రీ బట్టలు వేసుకుని మేనల్లుడి కళ్ళజోళ్ళ షాపుకొచ్చి, కౌంటరు ముందు నిలబడి, "నవ్వినవాళ్ళు చేతులెత్తండి" అంది.

ఊరి బడిలో ఎనిమిది దాకా చదివి, పట్నంలో కోర్టు టైపిస్టుగా ఉద్యోగం సంపాదించిన మనిషి. వకీళ్ళ అభ్యంతరాలు టైపు చేసీ చేసీ ఆ మాట వేళ్ళలోంచి నాలుక మీదికి ఎక్కింది. ఆ ఒక్క మాటతో వీధి మలుపులోని కరెంటు స్తంభాన్ని పక్కకి జరిపించింది. ఆసుపత్రి గేటు ముందు బస్సు ఆపించింది. తన రాత తనే చదువుకోలేని డాక్టరు చేత మందుల చీటీ మళ్ళీ మళ్ళీ రాయించి, చివరికి పెద్దక్షరాల్లోకి దింపింది. కోపం లేకుండా ఆవిడ కాఫీ తాగగా చూసినవాళ్ళు లేరు.

మేనల్లుడి షాపు ఇరుకు. ఒక గోడకి అద్దం, ఎదుటి గోడకి పై నుంచి కిందికి చిన్నవైపోయే అక్షరాల బోర్డు, మధ్యలో నాలుగు స్టూళ్ళు. గురువారం సాయంత్రం ఆ స్టూళ్ళ మీద దీపాల ద్వీపం భవిష్యత్తు తేలేది. లెక్కల ట్యూషన్ మాస్టారు ఒకటి, డ్యూటీ దిగిన బస్సు కండక్టరు ఒకటి, మేనల్లుడు ఒకటి. నాలుగోది అత్తయ్యది. షాపుకి రాలేని అభిమానులు ఫోనులోని గ్రూపులో కొట్టుకునేవారు. కథ గీసే అమ్మాయి కూడా ఆ గ్రూపులో ఉండి అన్నీ చదివేది. గ్రూపు నడిపేది మేనల్లుడు. నిబంధనలు రాసింది మాత్రం అత్తయ్య.

పడవవాడి విజయం తరవాత ఆవిడ ఊహలు దారి తప్పాయి. ద్వీపంలో మహారాణి మాయమైపోయింది కదా, ఎక్కడుందన్నది అందరి బెంగ. ఉత్తరపు బురుజులో ఉందని మాస్టారు పటం గీసి మరీ నిరూపించాడు.

"నాకు అభ్యంతరం ఉంది," అంది అత్తయ్య. "వంటింటి వెనక కట్టేసిన మేకే మహారాణి."

"మేకేంటి అత్తయ్యగారూ, అది గడ్డి తింటోంది," అన్నాడు మాస్టారు.

"నిన్ను కట్టేసి గడ్డి వేస్తే నువ్వు మాత్రం ఏం తింటావు?"

కండక్టరు నవ్వాపుకోలేక స్టూలు దిగాడు. గ్రూపంతా ఆవిడ మీద పడింది. ఆవిడ ఒక్కొక్కరికీ జవాబిచ్చింది, వారం ఇట్టే గడిచిపోయింది. ఇంకోసారి దీపస్తంభం కాపలావాడు మగవాడే కాదంది. మరోసారి సముద్రమే లేదు, అదంతా రాజుగారి కల అంది. పడవవాణ్ణి పట్టుకున్న బుర్ర ఇలా అయిపోయిందేమిటని మేనల్లుడు లోలోపల బాధపడ్డాడు.

అసలు గొడవ భాగం రాని ఒక గురువారం వచ్చింది. కథ గీసే అమ్మాయికి మణికట్టు నొప్పి, ఈ వారానికి క్షమించమని రెండు ముక్కలు రాసింది. మాస్టారు ఫోను కౌంటరు మీద పెట్టాడు.

"ఇదేం బాధ్యతండీ? మనం ఎదురుచూస్తామని తెలియదా? నేను గట్టిగా రాస్తాను."

"రాద్దువుగాని. ముందు నీ బురుజు సంగతి తేల్చు," అంది అత్తయ్య. "బురుజులో మేక పట్టదు. నీ తలకాయని భాగహారం చేస్తే శేషం కూడా మిగలదు."

మాస్టారు ఎర్రబడ్డాడు. రాయాలనుకున్నది మరిచిపోయి, తోటి సభ్యుణ్ణి అవమానిస్తే నాలుగు వారాలు వెలి అనే నిబంధన చూపించాడు. మేనల్లుడు అత్త వైపు తిరిగాడు.

"అత్తా, క్షమాపణ చెప్పేయరాదూ."

"చెప్పను. నిబంధన నేను రాసింది. నన్ను తియ్యకపోతే దానికీ అభ్యంతరం చెబుతాను. తియ్యరా."

తీశాడు. ఆవిడ చెప్పులేసుకుని, కళ్ళజోళ్ళ ట్రేలో దుమ్ముందని ఒక చివరి అభ్యంతరం చెప్పి వెళ్ళిపోయింది.

తరవాతి గురువారం కూడా భాగం రాలేదు. చేతికి పట్టీ వేశారని అమ్మాయి రాసింది. ఈసారి స్టూలు ఖాళీ. మాస్టారు గట్టిగానే రాశాడు. కండక్టరు, "చేతకాకపోతే మానేయమనండి," అని తోడయ్యాడు. చూస్తుండగానే గ్రూపు నిండిపోయింది. మోసమన్నారు, పొగరన్నారు, నొప్పి అబద్ధమన్నారు. కాసేపటికి అమ్మాయి ఒకే ఒక్క మాట పెట్టింది: "నిజంగానే చేతకావడం లేదు. ఇక ఆపేస్తాను."

షాపులో ముగ్గురూ అక్షరాల బోర్డు వైపు చూస్తూ కూర్చున్నారు.

"అత్తయ్య ఉంటే ఈపాటికి మేక దిగేది," అన్నాడు కండక్టరు చిన్నగా.

మేనల్లుడు తలెత్తాడు. మేక దిగింది భాగం రాని వారమే. సముద్రం కల అయిందీ అలాంటి వారమే. కాపలావాడు ఆడదైంది అమ్మాయి పరీక్షలని సెలవడిగినప్పుడు. షాపు మాస్టారికి అప్పగించి అత్త ఇంటికి నడిచాడు.

అత్తయ్య కుట్టుమిషనుకి నూనె వేస్తోంది.

"అత్తా, నువ్వు మేకని నిజంగా నమ్మావా?"

"నాకేమైనా పిచ్చా? మహారాణి రేవులో వలలు కుట్టే ముసలిది. మూడో భాగంలోనే తెలిసిపోయింది."

"మరి ఇంతకాలం ఎందుకు తిట్లు తిన్నావు?"

ఆవిడకి కోపం ముంచుకొచ్చింది. "కోపమొచ్చిన జనం ఎవర్నో ఒకర్ని తిట్టక మానరు కదరా. ఆ పిల్లని తిడితే చెయ్యి ఆగిపోతుంది. నన్ను తిడితే ఏం ఆగింది? టైఫాయిడ్‌లో కూడా నేను ఆగలేదు."

"ఆపేస్తానంటోంది. ఇప్పుడే వెలి ఎత్తేస్తాను, వచ్చెయ్."

"నాకు అభ్యంతరం ఉంది. శిక్ష శిక్షే. నీకు నోరు లేదూ? వెళ్ళి తిట్టించుకో."

మేనల్లుడు గుమ్మంలోనే నిలబడి గ్రూపులో రాశాడు: రాజుగారి నల్లగుర్రమే పడవవాడి తాత. మొదటి రాయి మాస్టారే వేశాడు. "మీ ఇంటి రక్తంలోనే ఉందా ఇది?" కండక్టరు గుర్రానికి సగం టిక్కెట్టు కొడతానన్నాడు. దూరాన ఉన్నవాళ్ళంతా వచ్చి పడ్డారు. మేనల్లుడికి చెవులు కాలిపోయాయి, కానీ నిలబడ్డాడు. అత్తయ్య అతని భుజం మీదుగా చదువుతూ, "జవాబు మెత్తగా ఇస్తున్నావు. ఇంకొంచెం తలతిక్కగా ఇవ్వు," అని సణిగింది.

తిట్టి తిట్టి అలిసిపోయాక మాస్టారికి తను అంతకుముందు రాసింది కంటపడింది. సిగ్గుపడి తుడిచేసి, క్షమించమని అమ్మాయికి విడిగా రాశాడు. కండక్టరూ రాశాడు. మర్నాడు పొద్దున్న జవాబొచ్చింది. పట్టీ తీశాక మళ్ళీ గీస్తుందట. అడిగింది ఒక్కటే: "నా సెలవుల్లో మీ అందరితో పోట్లాడే ఆ పెద్దావిడ కనబడటం లేదు. బాగానే ఉన్నారా?"

మేనల్లుడు షాపు తలుపు తీస్తూనే జవాబు రాశాడు. ఆవిడ నిక్షేపంలా ఉన్నారు, నిబంధన ప్రకారం శిక్షలో ఉన్నారు, గ్రూపులోకి తిరిగి వచ్చేది వచ్చే నెల పద్నాలుగో తారీఖు, గురువారం.