దుమ్ముగూడెంలో చేప రాయి

ఉదయం ఆరుంబావుకు ఖానాపురం హవేలిలో షేర్ ఆటో ఎక్కి ఖమ్మం బస్టాండుకు చేరాను. భద్రాచలం ఎక్స్‌ప్రెస్ ఆరూ నలభైకి. దుమ్ముగూడెంలో ఒక సమాధి పలక మీద అక్షరాలు చెక్కుతున్నారు. అవి పూర్తికాకముందే నేను అక్కడ ఉండాలి.

ఆ పలక దేవదానం మాస్టారిది. జీవశాస్త్రం చెప్పి రిటైరైన మనిషి, మొన్న వానకాలంలో పోయారు. ఆయన భార్య రూతమ్మ గారు నాలుగు రోజుల కిందట ఫోన్ చేసి, పేరు కింద ఏం చెక్కిస్తున్నారో చదివి వినిపించారు: ‘బల్లపరుపు చేపల మూలాన్ని కనుగొన్నవాడు.’ పత్రికలో నా వ్యాసం చదివాకే తమ సారుకు ఆ సంగతి తెలిసిందని, ఒకసారి వచ్చి చూసిపొమ్మని అడిగారు. ఆయనకు దొరికిన చేప రాయి ఫొటో కూడా పంపించారు.

ఈ బల్లపరుపు చేపలు సముద్రం అడుగున ఒక పక్కకు పడుకుని బతుకుతాయి. పుట్టినప్పుడు అన్ని చేపల్లాగే చెరోవైపు ఒక కన్ను ఉంటుంది. పెరిగేకొద్దీ ఒక కన్ను తల మీదుగా రెండోదాని పక్కకు జరుగుతుంది. కన్ను సగం దూరమే జరిగిన పాత చేపలు ఇటలీ సున్నపురాళ్లలో బయటపడ్డాయి. ఈ మార్పు ఒక్కసారిగా రాలేదని, కొంచెం కొంచెంగా వచ్చిందని వాటివల్లే తెలిసింది. వాటి వయసు దాదాపు అయిదు కోట్ల ఏళ్లు. ఆరేళ్ల కిందట ఆదివారం సంచికలో నేను పదిహేను కోట్లు అని రాశాను. అచ్చయ్యాక చూసుకున్నాను. ఎవరు పట్టించుకుంటారులే అని సవరణ ఇవ్వలేదు.

మాస్టారు పట్టించుకున్నారు. ఎగువన ప్రాణహిత వైపు పనిచేసిన రోజుల్లో ఆయనకు సున్నపురాతి పలకలో ఒక చేప దొరికింది. కళ్ల గుంటలు రెండూ ఒకే పక్కన ఉన్నాయి. ఆ రాళ్లు డైనోసార్ల కాలానివని ఆయనకు ముందే తెలుసు. నా తప్పు అంకె వాటికి చక్కగా అతకడంతో, బల్లపరుపు చేపల మూలం తనకే దొరికిందనుకున్నారు. హైదరాబాదులో భూగర్భశాస్త్రం తెలిసిన మిత్రుడికి ఫొటో పంపితే, పెంకుల్లాంటి ఆ మందపు పొలుసులు చూసి ఇది వేరే పాత రకమని తేల్చేశాడు. బురద బరువుకు పుర్రె నలిగి అవతలి కన్ను ఇటువైపు కనబడుతోందట. ఫోన్లో ఆమెకు ఈ మాట చెప్పడానికి నోరు రాలేదు.

తల్లాడలో ఏడూ నలభైకి టీ తాగి వచ్చేసరికి నా పక్కన జూలూరుపాడు పోయే ఒక పెద్దమ్మ కూర్చుంది. ఆడవాళ్లకు ఉచితంగా ఇచ్చే జీరో టికెట్ చెంగున ముడేసుకుంటూ, నిలబడ్డ మగవాళ్లను చూసి నవ్వింది. “పైసలు మీయి, సీట్లు మాయి” అంది. నన్నూ వివరం అడిగింది. పోయినాయన సమాధి పలక చూడబోతున్నానని చెప్పాను.

“మనిషి ఉన్నప్పుడు పోయినవా సారూ?”

లేదన్నాను. ఆమె కిటికీ వైపు తిరిగింది.

కొత్తగూడెం తొమ్మిదింటికి, భద్రాచలం పదింబావుకు. దుమ్ముగూడెం ఆటో జనం నిండేదాకా కదలదు. టిఫిన్ ఏదైనా భద్రాచలంలోనే చేయడం మంచిది. దిగేసరికి పదకొండున్నర.

రూతమ్మ గారి ఇంటి ముందు టార్పాలిన్ పరదా నీడలో పలక పరిచి ఉంది. మాస్టారి పేరు అప్పటికే చెక్కేశారు. రెండో వరుస సుద్దతో గీసి ఉంది. పనివాడు ఉలి నూరుకుంటున్నాడు. నేను నిలబడే ఆమెకు అంతా చెప్పాను. తప్పు అంకె నాదని, చూసుకుని కూడా సవరించలేదని, మాస్టారి రాయి ఆ చేపలకంటే చాలా పాతదని, దానికీ వాటికీ సంబంధం లేదని చెప్పాను. రూతమ్మ గారు లోపలికి వెళ్లి చేప రాయి తెచ్చి ఒళ్లో పెట్టుకున్నారు.

“పక్షవాతం వచ్చినంక మా సారు సంవత్సరం ఒక్క పక్కకే పండుకున్నరు. దీన్ని స్టూలు మీద కంటికి ఎదురుంగ పెట్టిచ్చుకున్నరు. ‘నా లెక్కనే పండుకుంది సూడు రూతమ్మా’ అని నవ్వేటోళ్లు.” రాయిని ఒళ్లో సర్దుకుని, “మీకు రెండు ఉత్తరాలు రాసిండ్రు సార్” అన్నారు.

ఆ రెండూ నాకు అందాయి. ముసలి మాస్టారి సరదా అనుకుని పక్కన పెట్టాను. ఆ మాట కూడా చెప్పాను.

ఆమె లేచి, తడిగుడ్డ తెచ్చి సుద్ద గీతలను తానే తుడిచేశారు.

“జాగ ఖాళీగుంటది గదమ్మా. బైబిలు వాక్యం ఏమన్న రాద్దమా?” అన్నాడు పనివాడు.

“ఉండనీ అన్నా.”

నాకు అన్నం పెట్టారు. పప్పు, చింతకాయ తొక్కు. వద్దనే అర్హత నాకు లేదనిపించి తిన్నాను. చెయ్యి కడుక్కోగానే మాస్టారి లాంగ్ నోట్‌బుక్ ఒకటి నా ముందు పెట్టారు. అందులో నా వ్యాసం అతికించి ఉంది. పదిహేను కోట్లు అన్నచోట కింద ఎర్రసిరాతో రెండు గీతలు.

“తప్పు మా సారుది కాదని దీని కింద రాసి, సంతకం పెట్టుండ్రి.”

రాశాను. ఆమె దాన్ని పైకి చదివి, ‘పొరపాటున’ అన్న మాట దగ్గర ఆగి, దాన్ని కొట్టేయమన్నారు. చూసి కూడా ఊరుకున్నది పొరపాటెట్ల అయితదని అడిగారు. కొట్టేశాను.

మూడుంబావు ఆటోలో భద్రాచలం వచ్చి ఖమ్మం బస్సు ఎక్కాను. గోదావరి వంతెన దాటేసరికి అయిదు. ముప్పై ఏళ్ల పత్రిక ఉద్యోగంలో చాలా సవరణలు రాశాను. అవన్నీ ఎవరో ఒకరు చదువుతారనే రాశాను. ఇదొక్కటే, చదవాల్సిన మనిషి వెళ్లిపోయాక రాసింది.