కాలువలో ఎర్ర నీళ్లు

చెల్లెలి పెళ్లికి ఎర్ర పట్టుచీర కొనడానికి ఒంగోలు నుంచి ధర్మవరం వెళ్లాను. చీర కొని వస్తుంటే ఒక వీధి కాలువలో నీళ్లు ఎర్రగా పారుతున్నాయి. ఒక అవ్వ తన మేకను ఆ నీళ్లు తాగనీయకుండా తాడు పట్టి లాగుతోంది.

“రక్తమా అవ్వా?” అని భయంగా అడిగాను.

అవ్వ నవ్వింది. “ఊర్లో కోళ్లన్నీ కోసినా ఇంత రక్తం యాడొస్తాదప్పా? పట్టుకేసిన రంగు కడిగిన నీళ్లు. పోయినేడు ఇవి తాగే నా ఇంకో మేక సచ్చిపాయ.”

“మరి కాలువలో వదలొద్దని చెప్పరా?”

“ఎవురికి చెప్పేది? రంగేసేది నా కొడుకే. కాలువ తేటగా పారిందంటే ఆ పొద్దు వానికి పని లేనట్టే. నీ సంచిలో ఏం రంగు చీరుండాది?”

నేను సంచిని వెనక్కి దాచుకున్నాను. ఎందుకు దాచానో నాకు ఇప్పటికీ తెలియడం లేదు.