నామం మీద పడే అడుగు

కంబదూరు పక్క మా ఊళ్లో శనివారం సాయంత్రాలు ఆంజనేయస్వామి గుడి ముందు చెక్కభజన చేస్తాం. కాళ్లకు గజ్జెలు, చేతుల్లో చెక్కలు, మధ్యలో తాళాలు పట్టుకుని గురువు. చుట్టూ తిరిగేవాళ్లలో మా చిన్నాయన ఒకడు. తాడిపత్రిలో బండలు కోసే మిషన్ల దగ్గర ఏళ్ల తరబడి పనిచేసి, రెండు చెవులూ పోగొట్టుకుని ఊరికి తిరిగొచ్చాడు. పాటలన్నీ ఆయనకు చిన్నప్పుడే నోటికి వచ్చు. కానీ పాట ఎక్కడిదాకా వచ్చిందో తెలిపేది గురువు కుడికాలు ఒక్కటే. నామం పలికే చోట ఆ కాలు గట్టిగా నేలను తాకేది. మిగతా అడుగులన్నీ మెత్తగా పడేవి. ఆ కాలినే చూస్తూ చిన్నాయన ఒక్క దెబ్బ కూడా తప్పేవాడు కాదు.

మోకాళ్లు అరిగిపోవడంతో గురువు తాళాలు నా చేతికిచ్చాడు. విత్తనం వేయడానికి పదును లేక, వాన కోసం మొక్కుకుని పాడుతున్న రోజులవి. దేవుడి చెవిన పడాలని ప్రతి అడుగూ బలంగా తొక్కాను. దుమ్ము లేచింది. అందరూ ఊపు అందుకున్నారు. చిన్నాయన చెక్కలు మాత్రం తప్పాయి. మళ్లీ తప్పాయి.

"ఏం మామా, నీ చెక్కలు వేరే ఊర్లో భజన చేస్తాండాయా?" అన్నాడు వెనక నుంచి ఒకడు. అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. ఆ మాట చిన్నాయనకు వినబడలేదు గానీ మా మొహాలు కనబడ్డాయి. గజ్జెలు విప్పి, చెక్కలు అరుగు మీద కూర్చున్న గురువు ఒళ్లో పెట్టి వెళ్లిపోయాడు.

తర్వాతి శనివారం రాలేదు. మరునాడు ఇంటికి వెళ్తే మేకలకు నీళ్లు పెడుతున్నాడు. రమ్మని చేతులతో సైగ చేశాను.

"రాను పోరా," అని పెద్దగా అన్నాడు. "నీ కాలు అన్ని చోట్లా అరుస్తాండాది. నేను యాడ చూడల్ల? మిషన్ల కాడా అంతే, ఒకటే మోత. ఆ మోతలోనే కదా నా చెవులు పోయినాయి!"

నవవిధ భక్తుల్లో శ్రవణం మొదటిదని, కీర్తనం దాని తర్వాతిదని భజనకొచ్చిన పిల్లలకు నేనే చెబుతుంటాను. నా కీర్తన కోసం ఒక మనిషి శ్రవణాన్ని మూసేశానని ఆ మేకల దొడ్డిలో అర్థమైంది.

వారమంతా గజ్జెలు కట్టుకుని బీడు చేలో నడిచాను. గట్టిగా తొక్కడం తేలికే, తొక్కకుండా ఉండడమే రాలేదు. గట్టు మీద నుంచి గురువు, "ఇంకా తగ్గించప్పా. నామం వచ్చేదాకా నేల నీ కాలు కోసం కాచుకోనుండల్ల" అనేవాడు.

శనివారం గురువే కబురు పంపితే చిన్నాయన వచ్చాడు. మొదటి పాటంతా చెక్కలు కదపకుండా నా కాలినే చూశాడు. రెండో పాటలో నామం దగ్గర నా కాలు పడింది. దాంతోపాటే ఆయన చెక్కలు మోగాయి.

హారతి అయ్యాక తువ్వాలుతో మెడ తుడుచుకుంటూ అందరి ముందరా అన్నాడు: "మూడో పాటలో ఒకచోట దండగగా తొక్కినావు."

నిజమే. అక్కడ నామం లేదు.