ఉల్లిగడ్డల బండెక్కిన నా గొంతు

ఆ రోజుల్లో అమీర్‌పేటలో ఎవర్ని కదిపినా కోర్సు నేర్చుకునేవాళ్ళో, నేర్పేవాళ్ళో అయివుండేవారు. నేను మాత్రం మూడో రకం. సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ నేర్చుకుంటానని చెప్పి, సినిమాల్లో పాడదామని భీమవరంలో రైలెక్కిన రకం. మా నాన్న అంత అమాయకుడేం కాదు. "కోర్సు అయ్యేదాకా పాడుకో. ఈలోగా ఎవరూ పిలవకపోతే బుద్ధిగా వచ్చి మీ మామయ్య ఆఫీసులో చేరాలి. ఇక పాట ఊసెత్తకూడదు" అని స్టేషన్లోనే ఒట్టు వేయించుకున్నాడు. (వేసేటప్పుడు లోలోపల నవ్వుకున్నాను. నా గొంతు విని పిలవకుండా ఎవరుంటారని!)

ఎవరూ పిలవలేదు. స్టూడియోల చుట్టూ కాళ్ళరిగేలా తిరిగాను. "గొంతు బాగుందమ్మా, కబురు చేస్తాం" అనేవారు. ఆ కబురు ఇప్పటికీ దారిలోనే ఉన్నట్టుంది. ఇక మిగిలింది హాస్టల్ డాబా మీద పొద్దుటి సాధన. ఒకరోజు అలా గొంతు చించుకుంటుంటే వీధిలోంచి ఒకాయన అరిచాడు. బోరబండ నుంచి ట్రాలీ ఆటోలో ఉల్లిగడ్డలు తెచ్చి అమ్మే అన్న. "ఓ మేడం! మీరు గట్ల పాడితే నా కేక ఎవ్వరికి ఇనవడ్తలేదు. జర నా బేరం సుత సూడున్రి!" హైదరాబాదులో నా పాటను అంత శ్రద్ధగా విన్న మొదటి శ్రోత ఆయనే. అదీ ఫిర్యాదు చేయడానికి.

దిగివెళ్ళి సారీ చెప్పాను. ఆయన గొంతు అప్పటికే బొంగురుపోయి ఉంది. "డాక్టరు అరవద్దన్నడు. అరవకుంటే ఎట్ల అమ్మాలె మేడం?" అన్నాడు. నాకు జాలేసింది. (జాలి కంటే, ఎవరో ఒకరు నన్ను పాడమంటే చాలన్న ఆత్రమే ఎక్కువ.) అక్కడికక్కడే ఆయన ఫోన్లోకి, మోహన రాగంలో, "రావమ్మా రావమ్మా, ఎర్రెర్రని ఉల్లిగడ్డ" అని పాడిపెట్టాను. మర్నాటి నుంచి బండి మైకులో నేనే.

కాకపోతే పాటలో ధర కూడా పెట్టాం. ఉల్లి ధర ఒకచోట నిలుస్తుందా? వారం తిరక్కుండానే హాస్టల్ ముందు బండి ఆపి, "మేడం, రేటు మారింది! కిందికి రాన్రి!" అని కేకేసేవాడు. మళ్ళీ మొదట్నుంచీ పాడాలి. ధర పెరిగితే అంకె దగ్గర మెత్తగా జారిపొమ్మనేవాడు, తగ్గితే పైస్థాయిలో పట్టుకోమనేవాడు. హాస్టల్ ఆంటీ మాత్రం తల పట్టుకునేది. "ఏంటమ్మా ఇది! మీ నాన్నగారు ఫోన్ చేస్తే ఏం చెప్పను? మీ అమ్మాయి ఉల్లిపాయలమ్ముతోందండీ అని చెప్పనా?"

కోర్సు అయిపోవచ్చింది. నాన్న టికెట్ తీసేశాడు. ఆ సాయంత్రమే అన్న రొప్పుకుంటూ వచ్చాడు. "మేడం, మీ గొంతు మీద కంప్లైంటయ్యేటట్టుంది! పంజాగుట్టల ఒక సారు లుంగీ మీదనే ఉరికొచ్చి, గీ పాడింది ఎవరు, ఎవరు అని ఒకటే అడుగుడు. మస్తు కోపంల ఉన్నడు. నేను చెప్తనా? నాకేం తెల్వదని బండి ఉరికిచ్చిన. ఆ గల్లీకి ఇగ పోను. మీరు ఫికర్ చెయ్యకున్రి!" నేను ఆయనకు రెండు చేతులెత్తి దండం పెట్టాను.

ప్రయాణం రోజున పెట్టెతో సహా నన్ను నాంపల్లి స్టేషన్లో దింపుతానని అన్నే పట్టుబట్టాడు. ఉల్లిబస్తాల మధ్య కూర్చుని, ఇక నా పాట ఇంతేనని ఏడుస్తూ బయల్దేరాను. మెట్రో స్తంభాలు లేస్తున్న రోజులవి. పంజాగుట్ట చౌరస్తాలో ఇరుక్కున్నాం. బండి ఆగినా అన్న బేరం ఆగదు కదా, మైకు పెట్టాడు. అంతే, పక్క కారులోంచి ఒకాయన దూకి మా వైపు పరుగెత్తుకొచ్చారు. "అగో, గా సారే! తల దించుకోన్రి మేడం!" అన్నాడు అన్న. నేను బస్తాల వెనక నక్కాను. పారిపోదామంటే ముందున్న బస్సు అంగుళం కదలదు.

"బాబూ, ఈసారి పారిపోకయ్యా! ఆ పాడిన అమ్మాయి కావాలి నాకు. పాట కట్టి కూర్చున్నాను, సరిపోయే గొంతు దొరక్క చస్తున్నాను" అన్నారాయన. ఆయన సంగీత దర్శకుడట! అన్న నోరెళ్ళబెట్టాడు. నేను జుట్టునిండా ఉల్లిపొట్టుతో బస్తాల వెనకనుంచి లేచి, "నేనేనండీ" అన్నాను.

ఆ సాయంత్రం స్టూడియోలో మొదటి రెండుసార్లూ శ్రుతి తప్పాను. "ముందు ఉల్లిపాయలు అమ్మమ్మా, తర్వాత చూద్దాం" అన్నారాయన. అమ్మాను, ఆ రోజు ధరతో సహా. ఆ ఊపులోనే అసలు పాట కూడా పాడేశాను. నాన్నకు ఫోన్ చేసి చెప్పాను. "ఒట్టు తీసి గట్టు మీద పెట్టానులే" అన్నాడు. ఆ గొంతులో తడి నాకు తెలిసింది.

ఇప్పుడు పోటీలకు జడ్జిగా వెళితే పిల్లలు అడుగుతుంటారు, "టాలెంటా మేడం, లక్కా?" అని. ఏం చెప్పను? రేట్లు మారకపోతే నాకంత సాధన లేదు, ట్రాఫిక్ కదిలుంటే నాకు పాటే లేదు.

మొన్న పంజాగుట్ట ఫ్లైఓవర్ దగ్గర సిగ్నల్ పడింది. పక్కనే ట్రాలీ ఆటో, అదే మోహన, అదే నేను. ధర దగ్గరకొచ్చేసరికి మాత్రం నా గొంతు ఆగి, అన్న బొంగురు గొంతు అతుక్కుంది. ఇన్నేళ్ళూ రేటు మారినప్పుడల్లా ఆ ముక్క ఒక్కటీ ఆయనే అరుచుకుంటూ, మిగతాదంతా నాకే ఉంచాడన్నమాట. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. మా డ్రైవర్ చూడలేదు. "ఎవరో గాని మంచిగ పాడింది మేడం" అన్నాడు.

గభాల్న దిగి వెళ్ళాను. "అన్నా, రేటు మారిందట కదా, ఫోన్ తియ్యి!" అన్నాను. అన్న ఒక్క క్షణం తేరిపార చూసి, ముఖమంతా నవ్వుతో ఫోన్ తీశాడు. వెనక హారన్లు మోగుతుంటే కొత్త ధర పాడాను. అన్న చెవి దగ్గర పెట్టుకుని విన్నాడు, మళ్ళీ విన్నాడు. ఆ డాబా మీది పిల్లనీ, నన్నూ పక్కపక్కన పెట్టి తూచినట్టు కాసేపు ఆలోచించాడు.

"అప్పటి గొంతే మంచిగుండె మేడం" అన్నాడు. "అయినా ఫికర్ లేదు, నడుస్తది."